చీకటి గదిలో సుమలతక్క

పదేళ్ల కిందటి మాట. సిరిసిల్ల పశువుల దవాఖానలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరి అప్పటికి నాకు ఏడాది కూడా నిండలేదు. రేబిస్ పరీక్షలో శిక్షణ ఇప్పిస్తామని నన్ను కోరుట్లకు పంపారు. వేములవాడ, రుద్రంగి మీదుగా పోయే బస్సెక్కాను. ఎండాకాలం. ఎదురుగా మామిడికాయల లారీలు దుమ్ము రేపుకుంటూ వస్తున్నాయి. దారి పొడుగునా నా కళ్ల ముందు ఒకటే బొమ్మ: తెల్లకోటు వేసుకుని కొత్త మైక్రోస్కోపు ముందు కూర్చున్నాను, గాజుపలక మీద చూసి రోగం ఉందో లేదో చెబుతున్నాను. మా నాన్న కూడా తను మరమగ్గం నడిపే సాంచెల షెడ్డులో అందరికీ అదే చెప్పుకున్నాడు. “మా అనురాధ మిషన్ల చూసి చెప్తదట” అని.

మాకు శిక్షణ ఇవ్వబోయే మనిషి పేరు సుమలత. అప్పటికే యాభై దాటింది. నూలుచీర మీద తెల్లకోటు, బిగించి కట్టిన కొప్పు, మెడలో సన్నటి శిలువ. మా పేర్లయినా అడగకముందే ఆమె అన్న మొదటి మాట ఇది:

“ముందుగాల సూదులు తీసుకున్నరా అందరు? తీసుకున్నోళ్లు ఇటు రాండ్రి. తీసుకోనోళ్లు అటే ఉండుండ్రి.”

రేబిస్ పని చేసేవాళ్లు కుక్క కరవకముందే టీకాలు వేయించుకోవాలి. జగిత్యాల నుంచి, ధర్మపురి నుంచి, ఇటు మా సిరిసిల్ల నుంచి వచ్చినవాళ్లలో ఇద్దరు వేయించుకోలేదు. ఆమె వాళ్లను తిట్టలేదు. గాజుతలుపు అవతల కుర్చీలు వేయించి, “అక్కన్నించే చూడుండ్రి. లోపలికి అడుగు పెట్టద్దు” అంది. అందులో ఒకాయన పెద్ద చదువు చదివిన డాక్టరు. ఆయన కూడా నోరెత్తకుండా వెళ్లి అక్కడే కూర్చున్నాడు.

లోపల బల్ల మీద ఏమున్నాయనుకున్నారు? మేక తలకాయలు! అసలైన కుక్క తల ముట్టుకునే ముందు చెయ్యి కుదరాలని మార్కెట్ నుంచి తెప్పించింది. ధర్మపురి నుంచి వచ్చిన ఐలయ్య అనే అటెండరు వాటిని చూసి ఉండబట్టలేకపోయాడు.

“అక్కా, పని అయినంక వీటిని ఏం చేస్తరు? తలకాయ కూరకు మంచిగుంటయి గద.”

“కాల్చిపారేస్త. ల్యాబుకొచ్చిన తలకాయ మళ్ల వంటింటికి పోదు ఐలయ్యా. ఈడ చాయ్ కూడ తాగనియ్యను.”

అందరం నవ్వాం. నా నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. తల వెనుక, మెడ ఎముక కలిసే చోట ఒక రంధ్రం ఉంటుంది. పుర్రె పగలగొట్టకుండా అక్కడి నుంచే మెదడు అడుగుభాగాన్ని, చిన్నమెదడు ముక్కను బయటికి తీయాలి. ఆమె ఒకసారి తీసి చూపించి కత్తి నా ముందు పెట్టింది. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

“మేడం, కోసుడు అటెండర్ల పని గద? మాది చూసుడే అని చెప్పిండ్రు.”

ఆమె నా వంక కొంచెంసేపు చూసింది. కోపంగా కాదు. ఎవరినో గుర్తు పట్టినట్టు.

“పేరేంది నీది?”

“అనురాధ.”

“అనురాధా, నన్ను మేడం అనకు, అక్క అను. ఇంకోటి, ఈ బల్ల కాడ చూసెటోళ్లే కొయ్యాలె. కోసెటోళ్లే చూడాలె. ఇష్టం లేకుంటె ఇప్పుడే చెప్పు, సిరిసిల్లకు బస్సున్నది.”

సిగ్గేసింది, కోపమూ వచ్చింది. బస్సెక్కి ఇంటికి పోతే నాన్నకు ఏం చెప్పను? రెండు జతల గ్లౌజులు తొడుక్కుని, ముఖానికి అడ్డుపలక పెట్టుకుని కత్తి పట్టుకున్నాను. మేక తలే అయినా కత్తి మొన రంధ్రం దొరక్క ఎముకకు తగిలింది. సుమలతక్క నా పక్కనే నిలబడి, నా మోచేతికి తన మోచెయ్యి తగిలేంత దగ్గరగా ఉండి, “తొందర లేదు, మెల్లగ” అంటూనే ఉంది.

ఆ రూలు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు చీకటి గదిలో తెలిసింది.

మెదడు ముక్కను గాజుపలకకు అద్ది, అసిటోన్‌లో ముంచి ఫ్రీజర్‌లో పెడతారు. తర్వాత దాని మీద ఒక మందు వేస్తారు. రోగం ఉంటే ఆ మందు వైరస్‌ను పట్టుకుని, ప్రత్యేకమైన మైక్రోస్కోపు కింద పచ్చగా మెరుస్తుంది. అప్పటి మైక్రోస్కోపును చీకటి గదిలోనే వాడాలి. దాని దీపం వేడెక్కడానికి సమయం పట్టేది, మన కళ్లు చీకటికి అలవాటు పడడానికీ పట్టేది. ఒకరి ముఖం ఒకరికి కనిపించని ఆ కాస్తసేపట్లో సుమలతక్క మాట్లాడేది. ఒక్కోరోజు ఒక్కో ముక్క. నేను విన్నవన్నీ వరుసలో పెట్టుకుంటే ఆమె కథ ఇట్లా ఉంది.

సుమలతక్క పుట్టింది మల్లాపూర్‌లో. తండ్రి దావీదు కూలిపని చేసేవాడు. వాళ్లకు గుంటెడు భూమి కూడా లేదు. ఊళ్లో పశువు చస్తే దాన్ని లాక్కుపోయే పని తరతరాలుగా వాళ్ల వాడదే. ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఒక రైతు బర్రె మేత మానేసి, నోట్లోంచి చొంగ కారుస్తూ ఒకటే అరవడం మొదలుపెట్టింది. గొంతులో ఏదో అడ్డం పడిందనుకున్నారు. దావీదును పిలిస్తే అతను మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికాడు. ఏమీ దొరకలేదు. పళ్లు గీసుకుని చెయ్యి చీరుకుపోయింది. బర్రె చచ్చిపోయింది.

దాన్ని లాక్కుపోవడానికి మోకులు కడుతుంటే, పశువులకు టీకాలు వేయడానికి జగిత్యాల నుంచి వచ్చిన శ్యాంసుందర్ అనే పడుచు డాక్టరు పరుగున వచ్చాడు. “ముట్టకుండ్రి, తోలు తియ్యద్దు. నాకు దీని తల కావాలె” అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా వెనక్కి జరిగారు. దావీదు జరగలేదు. డాక్టరు తన సంచిలోంచి రబ్బరు గ్లౌజులు తీసి అతనికి ఇచ్చాడు. కత్తి పట్టుకోవడమే తెలిసిన దావీదు, పట్టుకునే చేతికి కూడా కాపుదల ఉంటుందని వినడం అదే మొదటిసారి.

దావీదు కోసిచ్చిన తలను ఐసు డబ్బాలో పెట్టుకుని జగిత్యాల పోయిన డాక్టరు, మర్నాడు జీపులో నేరుగా వాళ్ల వాడకే వచ్చాడు.

“దావీదూ, బర్రెకు కుక్కరోగమే ఉండె. నువ్వు సూదులు తీసుకోవాలె.”

“నేను మంచిగనే ఉన్న గద సారు?”

“మంచిగున్నప్పుడే తీసుకోవాలె. పానం బాగలేనినాడు నేనొచ్చినా ఏం చెయ్యలేను.”

అవి బొడ్డు చుట్టూ సూదులు పొడిచే రోజులు. దావీదు రోజూ జగిత్యాల పోయేవాడు. తల్లి నాట్లకు పోతుంది కాబట్టి బిడ్డను వెంట తీసుకుపోయేవాడు. సూది దిగుతున్నప్పుడు బిడ్డ చెయ్యి పట్టుకునేవాడు. “ఎంత గట్టిగ పట్టేటోడో! సూది బాపుకు, నొప్పి నాకు” అని సుమలతక్క చీకట్లో నవ్వేది. పక్క వీధిలోనే పశువుల దవాఖాన. ఒకరోజు శ్యాంసుందర్ డాక్టరు ఆమెను స్టూలు మీద నిలబెట్టి మైక్రోస్కోపులో చూడమన్నాడు. నీలిరంగు కణాల మధ్య ఎర్రటి చుక్కలు. ఆ రోజుల్లో పరీక్ష అట్లాగే చేసేవాళ్లు.

“గీ చుక్కలు కనపడ్డయి కాబట్టే మీ బాపు బతికిండు బిడ్డా” అన్నాడట ఆయన.

దావీదు ఆ తర్వాత ముసలితనం దాకా బతికాడు. ఆమె జగిత్యాలలో హాస్టల్లో ఉండి చదువుకుంది, కరీంనగర్‌లో ల్యాబు కోర్సు చేసింది, ప్రభుత్వ ఉద్యోగం తెచ్చుకుంది. ఏ ఊళ్లో అన్నది మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. “ఆఫీసుల పేర్లెందుకు తియ్, మనుషులే గట్ల ఉండిరి అప్పుడు” అనేది.

ఆ ఆఫీసులో చేరిన కొత్తలో ఒక కుక్క తల వచ్చింది. పెద్ద సారు కాగితాల మీదినుంచి తల ఎత్తకుండానే, “సామేలును, సుమలతను పిలువుండ్రి” అన్నాడు. సామేలు అటెండరు, వాళ్ల వాడలాంటి వాడ నుంచే వచ్చినవాడు. ఆమె టెక్నీషియన్. ఆమెతో సమానంగా చదివినవాళ్లు ఆ గదిలో ఇంకో ముగ్గురు ఉన్నారు. వాళ్లను ఎవరూ పిలవలేదు. ఆ తర్వాత వచ్చిన ప్రతి తలకూ అదే పిలుపు. తీసిన మెదడును గిన్నెలో పెట్టి ఇస్తే అవతలి గదిలో వేరేవాళ్లు చూసేవాళ్లు.

“చదువుకున్న, ఉద్యోగం తెచ్చుకున్న. చేతిల కత్తి మాత్రం మారలే” అంది ఒకరోజు. చీకట్లో ఆమె ముఖం నాకు కనిపించలేదు. కనిపించకపోవడమే మంచిదయింది. నేను మొదటిరోజు అన్న మాటే నాకు గుర్తొస్తోంది.

ఒకసారి పుర్రె పగలగొడుతుంటే ఎముక పెచ్చు ఎగిరి సామేలు వేలికి గుచ్చుకుంది. అతనికి ముందుగా టీకాలు వేయించాలని అప్పటిదాకా ఎవరికీ తోచలేదు. వెంటనే సూదులు మొదలుపెట్టారు, అతను బాగానే ఉన్నాడు. కానీ ఆ రోగం వస్తే నీళ్లు మింగుడు పడవు కాబట్టి, చాలారోజులు నీళ్ల గ్లాసు చేతిలో పట్టుకుని, గుటక దిగుతుందో లేదో చూసుకుంటూ కూర్చునేవాడు. పెళ్లాంపిల్లల పక్కన పడుకోవడం మానేశాడు. ఆ మనిషిని అట్లా చూసి సుమలతక్క తండ్రి దగ్గరకు పోయింది. ఇక తలలు కోయనని, ఉద్యోగం పోయినా సరేనని ఏడ్చింది. దావీదు అంతా విని అన్నాడట:

“పని నీచం కాదు బిడ్డా. పనిని ఒక్కల మీదనే ఏసుడు నీచం. నువ్వు పని ఇడిశిపెట్టకు, అందరికి పంచు.”

తర్వాతి తల వచ్చినరోజు ఆమె గ్లౌజులు వేసుకుని బల్ల దగ్గర నిలబడింది. కత్తి ముట్టలేదు. బయట వరండాలో ఆ కుక్క కరిచిన ఆడమనిషి, ఆమె భర్త కూర్చున్నారు. సూదులు అప్పటికే మొదలయ్యాయి కాబట్టి ఈ ఆలస్యంతో ఆమె ప్రాణానికి ముప్పు లేదు. అయినా జవాబు కోసం వాళ్లు తలుపు వైపే చూస్తున్నారు. పెద్ద సారు వచ్చి అరిచాడు.

“ఏందమ్మా, రాస్తారోకోనా?”

“కాదు సార్. నేను కోసుడు మానలే. కానీ నా తోని ఇంకొకరు కొయ్యాలె. ఇయ్యాల ఒక్కరు, రేపు ఇంకొక్కరు. అందరికి సూదులేపియ్యాలె, సామేలుతో సహ. నేను నేర్పిస్త.”

ఎవరూ కదల్లేదు. అప్పుడు గోవర్ధన్ అనే కొత్త డాక్టరు చొక్కా చేతులు మడుచుకుంటూ ముందుకొచ్చాడు. తన టీకాలు తానే వేయించుకున్న మనిషి. “నాకు నేర్పుండ్రి” అన్నాడు. మధ్యలో ఒకసారి బయటికి పోయి వాంతి చేసుకుని వచ్చి మళ్లీ కత్తి పట్టుకున్నాడు. సాయంత్రానికి జవాబు తయారైంది. రోగం ఉందని తేలింది. ఆ దంపతులకు ఆ మాట చెప్పి, సూదులు ఒక్కటి కూడా తప్పొద్దని ఒప్పించింది కూడా సుమలతక్కే.

పెద్ద సారు ఆమెతో కొన్నాళ్లు మాట్లాడలేదు. కానీ టీకాలు అందరికీ వచ్చాయి. ఏళ్లు గడిచాక ఆ గోవర్ధన్ సారే కోరుట్లలో శిక్షణ మొదలుపెట్టి, “నేర్పేది సుమలతనే” అని పట్టుబట్టి ఆమెను పిలిపించాడు.

నేను ఆ చీకటి గదిలో నేర్చుకున్నది మైక్రోస్కోపు చూడడం ఒక్కటే కాదు. మొదటిసారి పచ్చటి మెరుపు కనిపించినప్పుడు నా గుండె ఎగిరింది. “మీ సిరిసిల్లల ఈ రంగును ఏమంటరు?” అని సుమలతక్క అడిగింది. “చిలకపచ్చ” అన్నాను. ఆమెకు ఆ మాట ఎంత నచ్చిందంటే, ఆ రోజంతా వచ్చినవాళ్లకల్లా చెప్పింది. మర్నాడు ఇంకో పలక ఇచ్చింది. చిలకపచ్చ కనిపించగానే “రోగం ఉన్నది” అని అరిచాను.

“ఇంకోసారి చూడు.”

“ఉన్నది అక్కా.”

“అంచులెట్లున్నయి? మెరుస్తున్నదంత రోగం కాదు. దుమ్ము కూడ మెరుస్తది.”

మళ్లీ చూశాను. దుమ్మే. నాకు ఏడుపు వచ్చినంత పనైంది. “ఏడ్వకు. తెలుస్తలేదు అని చెప్పుడు నేర్చుకో. ఆ మాటకు శానా ధైర్యం కావాలె” అంది.

ఆ మాట విలువ నాకు రెండేళ్ల తర్వాత తెలిసింది. తంగళ్ళపల్లిలో కొమురవ్వ అనే ముసలామెను వీధికుక్క కరిచింది. కొడుకు పవర్‌లూమ్ నడుపుతాడు, ఆమె బీడీలు చుడుతుంది. కుక్కను ఎవరో కొట్టి చంపి చెత్తకుప్పలో పడేశారు. మాకు తెలిసేసరికి అది ఎండకు ఉబ్బిపోయింది. నేనే తల నుంచి మెదడు తీసి, ఐసులో పెట్టుకుని కోరుట్ల పోయాను. సుమలతక్క, నేను కలిసి చూశాం. ముక్క కుళ్లిపోయింది. ఏమీ తేలలేదు. “పరీక్షకు పనికిరాదు” అని రాసిచ్చాం.

కొమురవ్వకు ఆ మాట అర్థం కాలేదు. మరునాడు నేను పోతే చాటలో తునికాకు కత్తిరిస్తూ తల కూడా ఎత్తలేదు.

“రోగం దొరకలేదంటిరి గద. ఇగ నాకు సూదులెందుకు? దవాఖానకు పోతే దినమంత పోతది.”

ఎంత చెప్పినా వినలేదు. ఏం చేయాలో తోచక కోరుట్లకు ఫోన్ చేశాను. మర్నాడు సెలవు పెట్టుకుని సుమలతక్క బస్సులో దిగింది. కొమురవ్వ పక్కన నేలమీద కూర్చుని, ఒక ఆకు తీసుకుని తనూ కత్తిరించడం మొదలుపెట్టింది. కుక్క ఊసే ఎత్తలేదు. మల్లాపూర్‌లో తమ అమ్మ కూడా బీడీలు చుట్టేదని చెప్పింది. బాపు సంగతి, బర్రె సంగతి చెప్పింది.

“అవ్వా, మాకు దొరకలేదంటె రోగం లేదని కాదు. ఆ ముక్క కుళ్లిపోయింది, మాకు ఏం తెలుస్తలేదు. నాకే తెల్వనిది నీకు లేదని ఎట్ల చెప్పాలె?”

కొమురవ్వ కత్తెర చాటలో పెట్టింది.

“మీ బాపు అన్ని సూదులు తీసుకున్నడా?”

“అన్ని తీసుకున్నడు. నా చెయ్యి నలగ్గొట్టుకుంట.”

“అయితె నువ్వు కూడ రా. నీ చెయ్యి పట్టుకుంట” అంది కొమురవ్వ.

ఆ రోజు సిరిసిల్ల దవాఖానలో ఆమె నిజంగానే సుమలతక్క చెయ్యి పట్టుకుంది. మిగతా సూదులకు నా చెయ్యి దొరికింది. కొమురవ్వ ఇప్పటికీ ఉంది. బజారులో కనిపిస్తే “సూదుల బిడ్డా” అని పిలుస్తుంది.

కొన్నేళ్లకు నేను కోరుట్ల ల్యాబుకే బదిలీ అయ్యాను. తర్వాత తర్వాత సుమలతక్క కళ్లకు శుక్లాలు కమ్మాయి. పలక పెట్టి తను చూడకుండా నన్ను చూడమనేది. “ఏం కనపడుతున్నదో చెప్పు” అని కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకుని వినేది. నేను చెబుతుంటే, “గా మూలకు పో, ఇంకొంచెం కిందికి” అనేది. అదే సమయంలో కొత్త మైక్రోస్కోపు వచ్చింది. దానికి చీకటి అక్కర్లేదు, వేడెక్కనక్కర్లేదు. మీట నొక్కితే చాలు, కంప్యూటర్ తెర మీద బొమ్మ వస్తుంది. అందరం సంతోషించాం, సంతోషించాల్సిన సంగతే. చీకటి గదిలో ఇప్పుడు అట్టపెట్టెలు పెట్టారు. ఎప్పుడైనా గ్లౌజుల కోసం అందులోకి పోతే, లైటు వేయకుండా ఒక్క క్షణం నిలబడతాను.

నిరుడు ఆమె రిటైరైంది. కళ్లకు ఆపరేషన్ చేయించుకుని మల్లాపూర్ వెళ్లిపోయింది. మొన్నొక ఆదివారం చూడ్డానికి పోయాను. చర్చి నుంచి అప్పుడే వచ్చినట్టుంది, గడపలో కూర్చుని ఒక ఎర్రకుక్క వీపు నిమురుతోంది. కుంటిది, ఒక చెవి చిరిగిపోయింది. మెడలో టీకా వేసిన గుర్తుగా బిళ్ల కట్టి ఉంది. నేను గుమ్మం బయటే ఆగిపోయాను.

“భయపడకు, ఏమనది. రా” అంది నవ్వుతూ. “ఎక్కడిదో, అచ్చి ఈడ పండుకుంటున్నది. పోనియ్యబుద్ధి కాలె.”

“నువ్వు కుక్కను సాదుతవని నేను కలల కూడ అనుకోలే అక్కా.”

“నేను కూడ అనుకోలే. ఇన్నేండ్లు కుక్క తలకాయలు చూసిన. బతికున్న కుక్క మొఖం సరిగ చూసిందే లేదు. గీ కండ్లు చూడు, ఎంత మంచిగున్నయో.”

చూశాను. నిజంగానే బాగున్నాయి. అన్నం పెట్టింది, పచ్చిపులుసు పోసింది, కొత్తగా శిక్షణకు వచ్చినవాళ్ల పేర్లన్నీ అడిగింది. సాయంత్రం బస్టాండు దాకా నడిచి వచ్చింది. కుక్క కుంటుకుంటూ మా వెనకే వచ్చింది. బస్సు కదిలాక కిటికీలోంచి చూస్తే, ఆమె వంగి దాని మెడలో బిళ్ల తాడు వదులు చేస్తోంది.